పద్దెనిమిది గేజీ రేకు

మొన్న ఆదివారం మా చెల్లె బిడ్డ పుణె నుంచి ఫోన్ చేసింది. తను చదివిన ఇంజనీరింగ్ కాలేజీలో పాత సామానంతా తుక్కు కింద అమ్మేస్తున్నారట, తను, తన తోటివాళ్లు కలిసి కట్టిన రేసు కారు కూడా అందులోనే పోతోందట, మామా ఒక్కసారి పోయి ఫొటో తీసి పంపవా అని అడిగింది. నాకు ముందుగా తట్టిన ఆలోచన ఏమిటంటే, దాని ఇంజిన్ ఎవరో ఎప్పుడో విప్పుకొని పోయి ఉంటారు, ఉత్త ఇనుప బోనును తుక్కువాడికి అంటగడుతున్నారు అని. తీరా పోయి చూస్తే ఇంజిన్ ఉన్నచోటనే ఉంది. నా అనుమానాలు చాలామటుకు ఇట్లాగే తేలిపోతాయి, అయినా నాకు బుద్ధి రాదు. పెట్రోలు పోయించుకునేటప్పుడు మీటరు సున్నా మీద ఉందా అని మెడ చాచి చూస్తాను, పాలవాడి కొలత గిన్నెకు సొట్ట ఉందేమోనని తడిమి చూస్తాను, మా ఇంటామె అయితే నేను అద్దంలో నా మొహాన్ని కూడా రెండుసార్లు చూసుకొని గానీ నమ్మనంటుంది. ఆ కారులో సీటు వెనకాల ఉన్న రేకు మీద చెయ్యి వేసినప్పుడు మాత్రం కాసేపు ఫొటో సంగతే మరిచిపోయాను. ఆ రేకు గురించి ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. మన ఈడువాళ్లకైతే చెప్పుకోవచ్చుననిపించి ఇది రాస్తున్నాను.

జడ్చర్లలో హైవే పక్కన నాకొక షెడ్డు ఉండేది. లారీలకు, ట్రాక్టర్ ట్రాలీలకు బాడీలు కట్టేవాణ్ణి. ఈ పని నాకు నేర్పింది మా ఉస్తాద్. రేకును బొటనవేలితో నొక్కి, వేలి కణుపుతో కొట్టి, అది ఎంత మందమో చెప్పగలిగిన మనిషి. చేతులు వణకడం మొదలై పని మానుకున్న రోజున, ఆయన తన గేజీ బిళ్లను సొంత కొడుక్కు ఇవ్వకుండా నాకు ఇచ్చాడు. కొడుకుది రేకులు అమ్మే దుకాణం, అమ్మేవాడి దగ్గర కాదు, కోసేవాడి దగ్గరుండాలి ఇది అన్నాడు. ఆ బిళ్ల చూడని వాళ్ల కోసం చెబుతాను, అది అరచేతిలో పట్టే గుండ్రటి ఉక్కు బిళ్ల, అంచు చుట్టూ నంబర్లు వేసిన గాట్లు ఉంటాయి, రేకు ఏ గాట్లో బిగువుగా దూరితే అది ఆ గేజీ అన్నమాట. నంబరు పెరిగేకొద్దీ రేకు పలచన. అంటే పదహారుకంటే పద్దెనిమిది పలచన, దానికంటే ఇరవై ఇంకా పలచన.

ఉస్తాద్ కొడుకు నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అంటాడు. నాకు కావలసిన గేజీ చెబితే అతను ఆటోలో రేకులు పంపేవాడు, నేను దించుకొని పని మొదలుపెట్టేవాణ్ణి. బిళ్ల పెట్టి చూడడం మా మధ్యన లేదు. ఆ ఇంటి రేకుకు బిళ్ల పెట్టడమంటే, పిలిచి అన్నం పెట్టిన ఇంట్లో మెతుకులు వాసన చూసినట్టే. మిగతా దుకాణాల రేకు ఎప్పుడైనా కొనవలసి వస్తే మాత్రం తప్పకుండా పెట్టేవాణ్ణి, కొన్నేళ్లుగా ప్రతివాడి రేకూ చెప్పినదానికంటే పలచగానే తేలేది. లోకమంతా దొంగలే, ఒక్క మా ఉస్తాద్ కొడుకు తప్ప అని షెడ్డుకు వచ్చిన ప్రతి డ్రైవరుకూ చెప్పేవాణ్ణి.

తెలంగాణ వచ్చిన మూడో ఏడో, నాలుగో ఏడో, మా చెల్లె బిడ్డ తన తోటి విద్యార్థులను వెంటేసుకొని షెడ్డుకు వచ్చింది. కాలేజీల మధ్య పోటీకి కారు కడతారట, వెల్డింగు చేసుకోవడానికి జాగా కావాలట. నడిపేది ఎవరని అడిగితే అందరూ దాని వైపే చూశారు, అందరిలోకీ బరువు తక్కువ అదేనట. కారు కడుతున్నారని మా చెల్లెకు తెలుసుగానీ నడిపేది తన బిడ్డేనని తెలియదు. అమ్మకు చెప్పకు మామా అని నా దగ్గర మాట తీసుకుంది. నేను ఇచ్చాను, ఆ ఇచ్చిన రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. సీటుకు జానెడు వెనక ఇంజిన్, దాని పక్కనే పెట్రోలు డబ్బా. చక్రాలను తిప్పే గొలుసు తెగి ఎగిరినా, మంట లేచినా, ఆ పిల్ల వీపుకు అడ్డం ఉండేది ఒక్క రేకు. పిల్లకేమన్నా అయితే చెల్లెకు మొహం ఎట్లా చూపించాలి?

ఆ రేకు మందం దగ్గరే మాకు జగడం. వాళ్లు నోట్‌బుక్కులో ప్రతి ముక్క బరువూ రాసుకొని ఇరవై గేజీ చాలంటారు, నేను పదహారుకు తగ్గేది లేదంటాను. నువ్వు కట్టేది లారీ కాదు మామా అని అది, లారీ డ్రైవర్లు బతికి ఇంటికి పోతున్నారు కదా అని నేను. వీళ్లకు ఈ పలచన పిచ్చి ఎక్కించిన లెక్చరరు ఎవరో, ఆయన తన బిడ్డనైతే కూర్చోబెడతాడా అని లోపల ఒక అనుమానం. చివరికి పోటీ నియమాల పుస్తకం తీసి చూపించారు. వీపు వెనక గోడకు పద్దెనిమిది, అంతకు తగ్గితే తనిఖీలోనే వెనక్కు పంపిస్తారని అందులో ఉంది. పద్దెనిమిదికి ఒప్పుకొని ఉస్తాద్ కొడుక్కు ఫోన్ చేశాను.

శనివారం పొద్దున రేకు వచ్చింది. అంతవరకూ ఎన్నడూ చేయని పని ఆ రోజు చేశాను, ఆ ఇంటి రేకుకు బిళ్ల పెట్టాను. పద్దెనిమిది గాట్లో లొడలొడలాడింది, ఇరవై గాట్లో హాయిగా దూరింది. నా ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు నమ్మిన ఒక్కడూ ఇంతేనా, నమ్మానని తెలిసే ఎన్నాళ్లుగా ఇట్లా చేస్తున్నాడో అనిపించింది. కాలేజీలో కొలిచే పరికరం ఉంది, సోమవారం చూద్దాం ఆగమని మేనకోడలు అంటున్నా వినలేదు. అంచు నుంచి ఒక ముక్క కోసుకొని, బిళ్ల చేతబట్టుకొని దుకాణానికి పోయాను. లోపల నలుగురైదుగురు గిరాకీలు ఉన్నారు. వాళ్లందరి ముందే ముక్కను బల్ల మీద పడేశాను.

"ఉస్తాద్ బతికుంటే గిట్ల ఇస్తుండెనా రేకు? ఇది ఆడపిల్ల ఈపు ఎనుక పెట్టేది."

అతను ముక్కను తీసుకొని బొటనవేలితో వంచి చూశాడు, తర్వాత నా చేతిలోని బిళ్లను చూశాడు. కోపం రాలేదు, వాదించనూ లేదు. సరే అన్నా, ఇంకోటి పంపిస్త అంటూ ముక్కను తిరిగి నా చేతికిచ్చాడు, అంతే. మధ్యాహ్నం లోపల పద్దెనిమిదికి బదులు పదహారు గేజీ రేకు వచ్చింది, పాతది తిరిగి తీసుకుపోయారు. అనుమానపు బుద్ధి ఎట్లా పనిచేస్తుందో చూడండి, అతను ఊరుకోవడమే నాకు సాక్ష్యమైంది. తప్పు చెయ్యనివాడైతే ఎగిరిపడేవాడు కదా అని ఆదివారమంతా ఇంటామె చెవిలో జోరీగలాగా అదే పాట పాడాను.

సోమవారం సాయంత్రం మేనకోడలు షెడ్డుకు వచ్చింది. నేను కోసిన ముక్కనూ, కొత్త రేకు ముక్కనూ కాలేజీ ల్యాబులో కొలిపించిందట.

"మామా, మొదాలొచ్చిన రేకు సక్కగ పద్దెనిమిదే. నీ బిళ్లనే అరిగింది."

కొత్త పదహారు ముక్కను నా చేతికే ఇచ్చి పెట్టి చూడమంది. పద్దెనిమిది గాట్లో దూరింది. అప్పుడు గుర్తొచ్చింది. ప్రతి వానాకాలం ఆ గాట్లలో తుప్పు చేరితే, ఉస్తాద్ ఇచ్చిన వస్తువు కదా, శుభ్రంగా ఉండాలని సన్నటి ఆకురాయి పెట్టి ఒక్కొక్క గాటూ గీకేవాణ్ణి. ఏడాదికి వెంట్రుకవాసి చొప్పున, భక్తిగా, నేనే దాన్ని పెద్దది చేసుకుంటూ వచ్చాను. ఊళ్లో దుకాణాలవాళ్లందరినీ దొంగలని నేను తిట్టింది ఆ గాట్ల లెక్కనే. సిగ్గుతో ఆ పిల్ల మొహం చూడలేకపోయాను.

మర్నాడు దుకాణం తెరిచే వేళకే పోయి నిలబడ్డాను. తప్పయింది తమ్ముడూ అనడానికి పోయినవాణ్ణి, బిళ్ల అరిగిందట అని మాత్రం అన్నాను. చాయ్ తెప్పించాడు. నా కళ్లలోకి చూడకుండా మెల్లగా చెప్పాడు.

"నాకు గప్పుడే ఎరుకైంది అన్నా. కని గందరి ముంగట మా అబ్బ బిళ్ల తప్పని ఎట్లంట? నీ చెయ్యి తప్పని ఎట్లంట?"

ఆ చాయ్ ఎట్లా తాగానో నాకు తెలియదు. నేను నలుగురిలో అతన్ని దొంగను చేస్తే, అతను నన్నూ తండ్రినీ కాపాడడానికి, నా అరిగిన బిళ్లకు పద్దెనిమిదిగా తేలే రేకు పంపి, దొంగతనాన్ని నెత్తిన వేసుకున్నాడు. ఆ నలుగురైదుగురినీ వెతికి పట్టుకొని నిజం చెబుదామనుకున్నాను, ఇద్దరే దొరికారు.

కారుకు ఆ పదహారు రేకే బిగించారు, మళ్లీ కోసేంత టైం లేకపోయింది. తనిఖీ దాటింది, పరుగెత్తింది, బరువెక్కువై బాగా వెనకబడింది, పిల్లలు నాకు లారీ మామ అని పేరు పెట్టారు. మా చెల్లె బిడ్డ మాత్రం నవ్వుతూ దిగి వచ్చింది, నాకు అంతే కావాలి.

ఇప్పుడు రేకుల మీదే మందం అచ్చేసి వస్తోంది, కంప్యూటరు బిల్లులో మిల్లీమీటర్లు ఉంటాయి, ఎవరు ఎవరిని కొలిచినా ఎవరికీ కోపం రాదు. కొలవడం అనుమానం కాదు మామా, పద్ధతి అంటుంది మేనకోడలు. దాని కాలానికి అది నిజమే, కాదనను. కానీ కొలవకుండా తీసుకోవడమనే గౌరవం ఒకటి మన రోజుల్లో ఉండేది, నాకు దక్కిన ఆ ఒక్కదాన్నీ నేనే పోగొట్టుకున్నాను. షెడ్డు మూసేశాను గానీ, ఇంటి అవసరానికో చుట్టాల పనికో ఇప్పటికీ అతని దగ్గరికే పోతాను. మునుపటి లాగానే అన్నా అంటాడు, చాయ్ తాగనిదే పోనివ్వడు. అయితే రేకు కట్ట విప్పగానే, నేను అడగకముందే, సొరుగులోంచి కొలిచే పరికరం తీసి అంచుకు పెట్టి, అంకె నా వైపు తిప్పి, చూసుకో అన్నా అంటాడు. వద్దు తమ్ముడూ అని ప్రతిసారీ అంటాను. ప్రతిసారీ కొలుస్తాడు.