ఎనిమిది వెయ్యమన్నది నేనే!

మొన్న మా స్కూల్లో లెక్కల పండగ పెట్టి, స్టేజీ మీద నిలబడి, నా పరువు నేనే తీసుకున్నాను. చెప్తాను గానీ మధ్యలో నవ్వకండి.

బాపులపాడు దగ్గర ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. ఉండేది నూజివీడు. మా మామయ్యగారికి మామిడితోట. "ఎప్పుడూ అవే లెక్కలు కదా, కొత్తగా ఏం చెప్తావమ్మా?" అంటుంటారు. అందుకే ఈసారి పట్టుబట్టి పిలిచాను. తోటకి మందు కొట్టే పని ఆపుకుని మరీ వచ్చి, ముందు వరసలో కూర్చున్నారు.

నా ఐటమ్ ఒకే ఒక్క సంఖ్య. 12345679. ఎనిమిది లేదు చూశారా? అదే దాని అందం! అంకెలన్నీ కూడితే ముప్పై ఏడు. ఆ ముప్పై ఏడుతోనే సంఖ్య మొత్తం శేషం లేకుండా పోతుంది. తొమ్మిదితో గుణిస్తే అన్నీ ఒకట్లే. నలభై ఐదుతో గుణిస్తే అన్నీ అయిదులే! దీన్ని ఎనిమిది అడుగుల ఫ్లెక్సీ మీద వేయించమని ఆర్డరిచ్చాను.

ముందురోజు బస్సులో ఉంటే ఫ్లెక్సీ షాపాయన ఫోను. హారన్ల మోతలో సగం మాట వినపడలేదు.

"...ఎనిమిది వెయ్యాలా మేడమ్?"

"ఎనిమిదే వెయ్యండి! వెయ్యకపోతే ఊరుకోను!" అని దబాయించాను.

ఫ్లెక్సీ లేటుగా వచ్చింది. నేను మైకు పట్టుకుని మాట్లాడుతుంటే వెనకాల కట్టారు. తిరిగి చూస్తే కదా!

"పిల్లలూ, ఇందులో ఏ అంకె లేదు?"

"సున్నా!"

"సున్నా సంగతి వదిలెయ్యండి. ఒకటి నుంచి చూడండి."

"అన్నీ ఉన్నాయి మేడమ్!"

"పోనీ, కూడితే ఎంత?"

"నలభై ఐదు!"

"ముప్పై ఏడు! ఏడో క్లాసుకొచ్చి కూడికలు రావా?" మైకులోనే చీవాట్లు పెట్టేశాను.

ఇక మామయ్యగారి వైపు తిరిగాను. "మీకిష్టమైన అంకె చెప్పండి."

"అయిదమ్మా."

"అయితే ఫోన్లో ఆ సంఖ్య కొట్టి, నలభై ఐదుతో గుణించండి. అన్నీ అయిదులే వస్తాయి!"

కళ్ళజోడు సవరించుకుని నిదానంగా నొక్కారు. "చివర్లో ఓ సున్నా దూరిందమ్మా."

"మళ్ళీ కొట్టండి."

మళ్ళీ సున్నా. పక్కాయన ఫోన్లోనూ సున్నా. ఆఖరికి ప్రిన్సిపాల్ గారు కూడా కొట్టి చూశారు. "అందరి ఫోన్లూ ఒకే తప్పు చేస్తాయాండీ?" అన్నారావిడ మెల్లగా.

అప్పుడు తిరిగాను. ఏడుకీ తొమ్మిదికీ మధ్య, ఎర్రరంగులో, నా అంత ఎనిమిది!

పక్కకెళ్ళి షాపుకి ఫోన్ చేసి అరిచాను. "అదేంటండీ! మధ్యలో ఎనిమిది లేదు, వెయ్యాలా అని అడిగితే, వెయ్యకపోతే ఊరుకోనన్నారు కదా!" అన్నాడాయన. నేనేమో ఎనిమిది అడుగుల సంగతి అడుగుతున్నాడనుకున్నాను!

పిల్లలకి మైకులోనే సారీ చెప్పాను. ఎనిమిది మీద తెల్లకాగితం అంటించాం. మామయ్యగారు మళ్ళీ కొట్టి, వరసగా అయిదులు చూసి, ఆ ఫోను అటూ ఇటూ అందరికీ చూపించారు. హమ్మయ్య, పరువు దక్కిందనుకున్నాను.

ఇంటికెళ్ళగానే అత్తయ్యగారు అడిగారు, "ఎలా జరిగిందండీ?" అని.

మామయ్యగారు చెప్పులు విడుస్తూ అన్నారు: "ఆ సంఖ్యలో ఏ తేడా లేదు. మన కోడల్లోనే కాస్త ఉంది."