పగడాలకో పక్క తొట్టె

పోయిన ఆదివారం పొద్దున్నే మా తమ్ముడు, అంటే మా పెద్దమ్మ కొడుకు, ఉన్నపళంగా రమ్మని ఫోన్ చేస్తే, మేనకోడలికి ఏదో సంబంధం కుదిరిందేమో అనుకుని మంచి చీర కట్టుకుని మరీ వెళ్ళాను. తీరా చూస్తే అక్కడ తండ్రీకూతుళ్ళ మధ్య పగడాల తగువు నడుస్తోంది. బ్యాంకులో రిటైరైన దగ్గర్నుంచి మా తమ్ముడికి ఉప్పునీటి అక్వేరియం పిచ్చి పట్టుకుంది. నర్సీపట్నంలో ఉన్న ఆ ఇంటి హాల్లో సగం గోడ గాజుతొట్టెదే, చుట్టాలొస్తే మనుషుల్ని కాకుండా ముందు చేపల్ని పరిచయం చేస్తాడు.

ఆ రోజు విశాఖపట్నం నుంచి థర్మోకోల్ పెట్టెలో కొత్త పగడాలు వచ్చాయి. ఉంగరంలో పొదిగేవి కావు, ప్రాణమున్నవి, ఎవరో తొట్టెల్లోనే పెంచి ముక్కలు చేసి అమ్మేవి. వేలెడంత రాతి ముక్క మీద పచ్చగా విచ్చుకుని పూలలాగే కనిపిస్తాయి గానీ అవి జంతువులు. కొత్తవాటిని కొన్ని వారాలు పక్క తొట్టెలో ఉంచాల్సిందేనని తమ్ముడి వాదన. వాటిని అంటుకుని కంటికి ఆనని పురుగులు వస్తాయట, మందునీళ్ళలో ముంచితే పురుగులు పోయినా గుడ్లు పోవట, తిన్నగా పెద్ద తొట్టెలో వేస్తే ఇన్నేళ్ళుగా పెంచినవన్నీ నాశనమవుతాయట. పక్క తొట్టె అంటే మెట్ల కింద చీకట్లో పెట్టిన ప్లాస్టిక్ టబ్బే కదా, అందులో పురుగులకంటే ముందు పగడాలే చస్తాయి, ఒకసారి మందులో ముంచి పెద్ద తొట్టెలో వేసెయ్యమని మేనకోడలి వాదన. సైన్సు టీచరుగా పనిచేసిన పాపానికి తీర్పు చెప్పే పని నా నెత్తిన పడింది.

"ఏటక్కా, ఏరుగా ఎట్టాలా వద్దా, నువ్వు సెప్పు" అన్నాడు తమ్ముడు.

నేను మెట్ల కిందకి వంగి ఆ టబ్బుని చూశాను. నిజం చెప్పొద్దూ, పగడాల సంగతి పక్కకి పోయి మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

మాది రావికమతం దగ్గర పల్లెటూరు. అయిదో తరగతి దాటితే అక్కడ బడి లేదు కనుక మా నాన్న నన్ను ట్రంకుపెట్టెతో సహా బస్సెక్కించి నర్సీపట్నంలో పెద్దమ్మ ఇంటికి తీసుకొచ్చాడు. అప్పటికే కొన్నాళ్ళుగా దగ్గుతున్నాను, పడిశమే అనుకున్నారందరూ. ఆ సాయంత్రం వాళ్ళ గుమ్మంలో అడుగు పెడుతూనే దగ్గు తెర ముంచుకొచ్చి, ఊపిరందక, చివర్లో కీచుమని గాలి లోపలికి పీల్చాను. ఆ చప్పుడు విని పెద్దనాన్న చెప్పులేసుకుని పోయి డాక్టరుగారిని వెంటబెట్టుకొచ్చారు. కోరింత దగ్గని తేల్చి, ఉయ్యాల్లో ఉన్న పసివాణ్ణి చూసి, వాడికి అంటుకుంటే ప్రాణానికే ముప్పు, ఈ పిల్లని ఊరికి పంపెయ్యడమే మంచిదని ఆయన చెప్పి వెళ్ళారు. నెల దాటీ దాటని ఆ పసివాడే ఇప్పుడు నా ముందు నిలబడి పగడాల సంగతి అడుగుతున్న మా తమ్ముడు.

నాకు దగ్గుకంటే ఊరికి పంపేస్తారన్న బెంగే ఎక్కువగా ఉండేది. ఆడపిల్లకి చదువంటే మా నానమ్మకి గిట్టదు, ఒకసారి వెనక్కి వెళ్ళానంటే మళ్ళీ ఈ ఊరి బస్సెక్కనివ్వదని ఆ వయసుకే నాకు తెలుసు. మర్నాడు నాన్న ట్రంకుపెట్టె తెచ్చి అరుగు మీద పెడితే, నేను దాని మీద ముడుచుకుని కూర్చున్నాను. పెద్దమ్మ బిడ్డని లోపల పడుకోబెట్టి వచ్చి, నాకు దూరంగా నడవ ఆ చివర నిలబడింది.

"ఇప్పుడు తీసికెల్తే మల్లీ తేరు మరిదిగారూ. పిల్ల ఇక్కడే ఉంటాది. మీరు బేగి బస్సుకెల్లండి" అంది.

నాన్న పెద్దనాన్న మొహంలోకి చూశాడు. పెద్దనాన్న తాలూకా ఆఫీసులో గుమాస్తా, పిల్లలతో రెండు మాటలు మాట్లాడిన పాపాన పోయేవారు కాదు. ఆయన వీధిగదిలోకి వెళ్ళి తన చొక్కాలూ, గొడుగూ, ఆఫీసు కాగితాలూ తెచ్చి వరండాలో సర్దుకుని, ఆ గది నాకిచ్చారు. ఆ ఇంట్లో గాలీ వెలుతురూ బాగా వచ్చే గది అదొక్కటే, ఫ్యాను ఉన్నదీ అందులోనే. పెరట్లో పిడకలు దాచే పాక ఉండేది, నన్ను అందులో పెడతారనే నేను అనుకున్నాను.

పాలిచ్చే తల్లి కనుక పెద్దమ్మ నా దగ్గరికి రాకూడదు, అందుకని నా సేవంతా పెద్దనాన్న మీద పడింది. దగ్గొచ్చినప్పుడు నుదురు పట్టుకునేవారు, వాంతికి బేసిన్ పట్టేవారు, నూతి దగ్గర సబ్బు రుద్దుకుని చొక్కా మార్చుకుంటే గానీ నడవలోకి వచ్చేవారు కాదు. అంత చేసినా, ఎందుకైనా మంచిదని ఉయ్యాల దరిదాపులకి వెళ్ళలేదు. ఇద్దరాడపిల్లల తర్వాత లేక లేక పుట్టిన కొడుకుని ఆయన అన్నాళ్ళూ దూరం నుంచే చూసుకున్నారు. బడికి వెళ్ళి నా పేరు రాయించిందీ ఆయనే. అక్కలిద్దరికీ ఆ దగ్గు చిన్నప్పుడే వచ్చి పోవడంతో, వాళ్ళు కిటికీ బయట కూర్చుని నాకు పాఠాలు చదివి వినిపించేవారు.

భోజనాల మాట మాత్రం చెప్పకుండా ఉండలేను. అంతవరకూ వంటింట్లో తినేవాళ్ళు కాస్తా, పెద్దమ్మ చెప్పడంతో నడవలోకి మారారు. నా పళ్ళెం గది గుమ్మానికి లోపల, వాళ్ళ పళ్ళాలు నడవ అవతలి చివర, అందరం ఒకరికొకరం కనిపించేట్టు కూర్చునేవాళ్ళం. నాకు పెద్దనాన్న వడ్డించి వచ్చాకే తక్కినవాళ్ళకి పెద్దమ్మ వడ్డించేది. మధ్యలో నాకు దగ్గొస్తే అక్కడ అందరి చేతులూ ఆగిపోయేవి, నేను తేరుకుని మళ్ళీ ముద్ద కలిపితే గానీ ఎవరూ కలిపేవారు కాదు. పులుసు చల్లారిపోతోందని చిన్నక్క ఓసారి గొణిగి, పెద్దమ్మ చూసిన చూపుకి మళ్ళీ ఎప్పుడూ గొణగలేదు.

ఇక భయం లేదని డాక్టరుగారు చెప్పిన రోజున పెద్దమ్మ నాకు తలంటు పోసి, ఉతికిన గౌను తొడిగి, పసివాణ్ణి తెచ్చి ముందు పెద్దనాన్న చేతికిచ్చింది, తర్వాత నా ఒళ్ళో పడుకోబెట్టింది. వాడు నన్ను తేరిపార చూసి గౌను తడిపేశాడు. ఆ తర్వాత బడికి వెళ్ళాను, పైచదువులు చదివాను, ఉద్యోగం చేశాను. నాదని చెప్పుకోడానికి ఈ జీవితంలో ఏమైనా ఉందంటే, అది వాళ్ళిద్దరూ పెట్టిన భిక్షే.

ఇదంతా చెప్పి, కొత్త పగడాల్ని వేరుగానే పెట్టమన్నాను, కాకపోతే మెట్ల కింద కాదు, పెద్ద తొట్టెకున్నలాంటి దీపమూ నీళ్ళు తిప్పే మోటారూ పెట్టి, రోజూ దగ్గర కూర్చుని చూసుకోమన్నాను. మేనకోడలు సరేనంది. టీవీ దించి ఆ బల్ల ఖాళీ చేశారు, మా మరదలి సీరియళ్ళ గతి ఏమైందో నేను అడగలేదు.

మొన్న కరోనా వచ్చినప్పుడు మా పిల్లలు నన్ను మేడ మీద ఏసీ గదిలో ఉంచి, తలుపు బయట భోజనం పెట్టి ఫోన్‌లో మెసేజ్ ఇచ్చేవారు. ఏ లోటూ చెయ్యలేదు, వాళ్ళని ఒక్క మాట అనను. తగ్గాక ఫ్యామిలీ గ్రూపులో అందరూ ఫోటోలు పెట్టుకున్నాం, నేనూ పేరుపేరునా థాంక్స్ చెప్పాను. పెద్దమ్మకి ఆ మాట ఒక్కసారీ చెప్పలేదు. అప్పట్లో సొంతవాళ్ళకి అలా చెబితే, మమ్మల్ని పరాయివాళ్ళని చేశావా అని నొచ్చుకునేవారు. ఇప్పుడు చెబుదామన్నా వాళ్ళిద్దరూ లేరు.

ఆ రోజు నేను చెప్పిందంతా విని తమ్ముడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "అమ్మ నాకెప్పుడూ సెప్పలేదక్కా. నాన్నా సెప్పలేదు" అన్నాడు.

కన్నకొడుకు దగ్గర కూడా ఎన్నడూ ఆ ఊసెత్తలేదంటే, నన్ను ఉంచుకోవడం వాళ్ళకి ఉపకారంగానే తోచలేదన్నమాట. అది ఇన్నేళ్ళకి తెలిసి, మనవలున్న ఈ వయసులో, ఆ హాల్లో అందరి ముందూ నాకు ఏడుపొచ్చేసింది.