కట్టు గదిలో కోడె మొక్కు

పొద్దున్నే దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. "ఇయ్యాల మీ అవ్వను తోల్కరాకుండ్రి, కట్టు మార్చేటోళ్లు లేరు" అన్నాడు కౌంటర్ దగ్గరి ఆయన. సిస్టర్ సెలవు పెట్టిందా అని అడిగాను.

"సెలవు కాదన్నా. రాత్రి సచ్చిపోయింది. వంటింట్ల కూలవడ్డదట."

ఏ సిస్టర్ అని మళ్లీ అడిగాను. కరీంనగర్‌లోని ఆ చిన్న దవాఖానలో కాలిన గాయాలకు కట్టు మార్చే సిస్టర్ ఒక్కతే. మొన్న మధ్యాహ్నమే మా అవ్వకు కట్టు కట్టి, బస్సుకు టైమవుతుందని మమ్మల్ని తొందరపెట్టి పంపింది. నలభై ఏళ్లు కూడా లేవు. ఫోన్ పెట్టేశాక కూడా ఆయన పొరబడ్డాడనే అనుకుంటూ కూర్చున్నాను.

గంజి వంపుతుంటే గిన్నె జారి అవ్వ కుడిచెయ్యి కాలింది. అవ్వ బీడీలు చేస్తుంది. కట్టు మార్చినప్పుడల్లా వేళ్లు చాపి కదిలించకపోతే అవి ముడుచుకుపోతాయని డాక్టర్ చెప్పాడు. అట్లా అయితే ఇక బీడీ చుట్టడం ఉండదు. అవ్వ మాత్రం ఆ చేతిని ఎవరినీ ముట్టనివ్వలేదు. మొదటిరోజు మందుల ట్రేను కాలితో తన్నింది.

సిస్టర్ వంగి కిందపడ్డవి ఏరుకుంది. తర్వాతిసారి వీఆర్ కళ్లజోడు తెచ్చింది. కళ్లకు గంతలా కట్టే చిన్న పెట్టె అది. తల ఎటు తిప్పితే అటు వేరే చోటు కనిపిస్తుంది. ఎవరికి పెట్టినా ముందు తను పెట్టుకుని చూసి, తుడిచి, అప్పుడు పెట్టేది. "దీంతోని నొప్పి పోదవ్వా. నొప్పి దిక్కు సూసుడు తగ్గుతది, గంతే" అంది. ఆమెకు ఉన్నది ఉన్నట్టు చెప్పడమే అలవాటు.

అందులో సముద్రం ఉంది. అవ్వ ఎన్నడూ సముద్రం చూడలేదు. మంచం పట్టీ గట్టిగా పట్టుకుంది.

"నీళ్లల్ల ముంచుతున్నవేందే. నేను సస్తే నీ మీదనే కేసు."

"పెడుదువు గని అవ్వా, జర చెయ్యి బాగుగానియ్యి. ఏలిముద్ర ఎయ్యాలె గద. గిది వద్దంటే, ఏం సూడబుద్ధయితది నీకు?"

"రాజన్నను" అంది అవ్వ.

సెలవురోజున సిస్టర్ డాక్టర్‌ను అడిగి, చుట్టూ ఉన్నదంతా తీసే కెమెరా తీసుకుని వేములవాడ రాజన్న గుడికి వెళ్లింది. మొక్కుకున్నవాళ్లు కోడె తాడు పట్టుకుని గుడిచుట్టూ తిరుగుతారు కదా, ఆ తిరుగుడంతా వీడియో తీసుకొచ్చింది.

కళ్లజోడు పెట్టగానే అవ్వ "కోడె ముంగటనే ఉంది. తాడియ్యుండ్రి, నేను పడ్త" అంటూ కాలిన చెయ్యే చాపింది. వేళ్లు విచ్చుకున్నాయి. నేను నిలబడిపోయాను. సిస్టర్ పాత గాజుగుడ్డ ఊడదీస్తూనే మెల్లగా చెబుతోంది: "పట్టవ్వా. ఇడువు. మళ్ల పట్టు." కళ్లజోడు కింది నుంచి నీళ్లు కారుతున్నాయి గానీ, అవ్వ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

కట్టడం అయిపోయి కళ్లజోడు తీస్తే కోపానికొచ్చింది. "సగం తిరిగినంక గుంజుకుంటివి. సగం మొక్కు తీరుతదా?"

అది బొమ్మేనని నేను చెప్పబోయాను.

"నువ్వు ఊకో అన్నా" అంది సిస్టర్. "ఎల్లుండి గీడికెల్లే నడుద్దామవ్వా."

ఆ తర్వాత ప్రతిసారీ ఆగినచోటు నుంచే మొదలుపెట్టింది. నవ్వులాటకైనా ఈ మొక్కు మాట ఆమె ఎవరితోనూ అన్నట్టు నేను వినలేదు.

ఆమె చనిపోయిందని చెప్పినప్పుడు అవ్వ ఏడవలేదు. "నన్ను ఆళ్లింటికి తోల్కపో" అంది.

ఇంటి ముందు పడుకోబెట్టారు. సిస్టర్‌ను యూనిఫాం లేకుండా చూడటం అదే మొదటిసారి. పక్కన వాళ్లమ్మ కూర్చుని ఉంది, ఇంకా ఏడుపు రానట్టుగా అందరి మొహాలూ చూస్తోంది. అవ్వ పోయి ఆమె ఎదురుగా కూర్చుంది.

"నా చెయ్యి నీ బిడ్డనే బాగు చేస్తుండె. గీ కట్టు ఆమె కట్టిందే."

ఆ తల్లి కట్టును కాసేపు చూసింది. తర్వాత ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని రొమ్ముకు అదుముకుంది. అంత గట్టిగా ఆ చేతిని ఎవరూ పట్టుకోలేదు. విడిపిద్దామని నేను వంగాను. అవ్వ నా వైపు చూసి వద్దని తలూపింది. తెల్లటి కట్టు మీద పసుపుపచ్చ మందు మరక మెల్లగా పెద్దదవుతోంది. అవ్వ పెదవులు బిగబట్టి, చెయ్యి అట్లాగే ఉంచింది.