దేవుని గూట్ల రాయి, చింతపండు తానం

కూసో బిడ్డా, కదలకు. మీ తాత నౌకరీని నేను చింతపండు నీళ్ళల్ల ముంచిన కథ చెప్త. చెప్పింది చెప్పినట్టు రాయి.

పెళ్ళైన కొత్తల నాంపల్లిల కిరాయింట్ల ఉంటుంటిమి. తాతకు రాళ్ళ పిచ్చి. పెండ్లాంతోని మాట్లాడాల్నంటే సిగ్గు, రాళ్ళతోని గంటలు గంటలు ముచ్చట. అరవ దేశంల ఎన్నడో సముద్రమున్న జాగల తవ్వి ఒక రాయి తెచ్చిండు. బాదుషా మిఠాయంత ఉంటది, నెత్తి మీద ఐదు రేకుల పువ్వు. లోతులేని సముద్రంల బతికిన ముళ్ళ జీవి అట, చచ్చి రాయైందట. గిదంతా నాకు తర్వాత తెలిసింది. దేవుని గూట్లైతే ఎవరూ ముట్టరని గాడ దాచిండు. ముట్టేదాన్ని నేనున్న గద.

శుక్రవారం పొద్దుగాల దేవుళ్ళను తోముతందుకు తీసిన. ఇత్తడి దేవుళ్ళ నడుమ గీ పువ్వు రాయి. అత్తగారి సాలగ్రామం గావచ్చు, పాపం ఎవరూ కడగలేదనుకున్న. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటరు. నేను అడుసు లేకుండనే కడుగుడు షురూ చేసిన. చింతపండు చిక్కగ పిసికి అండ్ల ముంచిన. బుస్సుమని నురుగు.

"అత్తమ్మా, జర ఇటు రాండ్రి. స్వామి ఊపిరి తీస్తుండు."

అత్తమ్మ చెంపలేసుకున్నది. "ఎంత మహిమనే. ఇంకింత చింతపండు వెయ్యి."

ఏసిన. తాత తానం చేసొచ్చిండు. "గూట్ల నా రాయేది?"

"మీ రాయి నాకు తెల్వదు. దేవుడైతే నానుతుండు."

గిన్నెలకెళ్ళి తీసిండు. రెండు రేకులే మిగిలినయి, అవి గూడ చప్పరించిన బిళ్ళ లెక్క. "ఇయ్యాల కాలేజీ పెద్దసారుకు గిది చూపెడితేనే నౌకరీ" అన్నడు. తిట్టలే. తిడితే బాగుండు.

నా తప్పు నేనే చెప్తనని రిక్షా ఎక్కిన. ఆబిడ్స్ దాక ఆయన పిడికిట్ల రాయి, నా పిడికిట్ల కొంగు.

కాలేజీల సారు భూతద్దం పెట్టి చూసిండు. తిప్పి చూసిండు. వాసన చూసిండు.

"చారు వాసన ఎందుకొస్తున్నదయ్యా?"

తలుపెనకకెళ్ళి నేనన్న, "నేనే సార్. దేవుడనుకొని చింతపండుల నానేసిన."

"నురుగొచ్చిందా?"

"మస్తుగొచ్చింది సార్."

సారు తాత దిక్కు తిరిగి, "ఉన్న రెండు రేకులతోని కడమది చెప్పు" అన్నడు. రాళ్ళ మనిషి గద, అల, ఇసుక, ముల్లు, అన్నీ కండ్లకు గట్టినట్టు చెప్పిండు. అప్పుడు నవ్విండు సారు. "సున్నపు రాయిని పులుపు పోసి గుర్తుపడ్తరని పిల్లలకు నేను పాఠం చెప్పాలె. ఈమె చెప్పకుండనే చేసింది. నౌకరీ నీకియ్యాల్నా, ఆమెకియ్యాల్నా?"

తాతకే ఇచ్చిండు. ఒకటే షరతు, రాళ్ళు ఇంటికి పోవద్దని.

గా దినం సూర్యచంద్రుల సాక్షిగ ఒట్టు పెట్టుకున్న. ఇగ ఏ దేవుడైనా సరే, మీ తాత చూసి రాయి కాదంటెనే నేను చింతపండు...

ఏందే కోడలా? బువ్వకా? వస్తున్న. చారు గిన్నె మీ మామ ముందల పెట్టు. గంటెతోని అడుగుదాక దేవి, ఏ రాయీ లేదని చూసుకున్నంకనే ఆయన ఇప్పటికీ చారు పోసుకుంటడు.