రజియా ఆపా మోకాళ్ళ నొప్పి

ఈ పొద్దున బడి యూనిఫారాల తాను విప్పగానే కొత్త గుడ్డ గంజి వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు రజియా ఆపా గుర్తొస్తుంది. వెంటే కడుపులో పాత మంట కూడా లేస్తుంది. దాచుకోవడం దేనికి, ఆమె అంటే నాకు కుళ్ళు. నల్లగొండలో మా సేటు కుట్టు దుకాణంలో నన్ను మిషను ముందు కూర్చోబెట్టి, కత్తెర పట్టడం దగ్గరనుంచి పనంతా నేర్పింది ఆమే. అయినా సరే, కుళ్ళే.

ఏటా పరీక్షలకు ముందు మహబూబ్‌నగర్, అదే మా నోళ్ళలో పాలమూరు, వెళ్ళి అక్కడి బడిపిల్లల కొలతలు తీసుకుని, యూనిఫారాల పని ఖాయం చేసుకుని వచ్చేది ఆపా ఒక్కతే. తిరిగొచ్చి ఆ ఊరి ముచ్చట్లు చెబుతుంటే దుకాణమంతా నోరు తెరుచుకుని వినేది. నేను మాత్రం తల వంచుకుని కాజాలు కుట్టేదాన్ని. నా కుట్టు ఆమెదానికన్నా సన్నం. మరి నన్నెందుకు పంపరు?

తొంభైల మొదట్లో ఒక ఏడు, సరిగ్గా ప్రయాణానికి ముందు, ఆపా మోకాళ్ళు పట్టుకుని కూలబడింది. "నాతోని కాదు సేటూ. నొప్పులు పానం తీస్తున్నయి. గీ పిల్లను పంపుండ్రి" అంది. నాకు లోపల పండుగే. పని ఖాయం చేసుకొస్తే ఇకముందు పాలమూరు నాదేనని సేటు మాటిచ్చాడు.

ఒక్కదాన్నే బస్సు దిగాను. కొత్త ఊరిని నా కళ్ళతో చూసుకోవాలని ఎంత ఆశపడ్డానో! ఏదీ, చూడనిస్తేగా. సంచీ మీద దుకాణం పేరు చూసి రిక్షా అతను "ఆపా రాలేదా?" అన్నాడు. హోటలాయన అడగకుండానే చక్కెర తక్కువేసి చాయ్ తెచ్చాడు. "మీ ఆపా గిట్లనే తాగుతది" అన్నాడు మురిసిపోతూ. నాకు చక్కెర దండిగా పడాలి. అయినా ఆ చేదు గొంతులో పోసుకున్నాను. ఆ ఊళ్ళో నాకంటూ ఒక్క వీధి మిగల్చలేదు ఆ మనిషి.

బడిలో కసిగా పని మొదలుపెట్టాను. పిల్లలను వరసగా నిలబెట్టి వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచాను. పెద్ద టీచరమ్మ నా కాగితం చూసి, "ఇంత మంచిగ కొలిస్తివి, అంచు మడతకు ఏం రాయకపోతివి?" అంది. ఒక పిల్లను పిలిచి స్కర్టు అంచు తిప్పి చూపింది. లోపల రెండు వేళ్ళ మడత. "పిల్లలు ఎదుగుతరు గదమ్మా. ఆపా ఎప్పుడు గింత ఎక్కువ పెడ్తది. విప్పుకుంటే ఇంకో ఏడాది ఎల్లుతది."

నా ముఖం మాడిపోయింది. అంతా పోయిందనుకున్నాను.

"ఫికర్ చేయకు, పని మీకే ఇస్తున్న. ఆపా పోయినేడే చెప్పిపోయింది. వచ్చేసారి మా పిల్లను పంపుత, నాకన్న సన్నంగ కుడ్తది, జర చూస్కోండ్రి అని."

పోయినేడా? మోకాళ్ళ నొప్పి మొన్న కదా మొదలైంది!

తిరిగి రాగానే తిన్నగా నల్లగొండ పక్కనే పానగల్‌లో ఉన్న ఆమె ఇంటికి పోయాను. ఆపా తడి బట్టల తట్ట నెత్తిన పెట్టుకుని మిద్దె మెట్లు చకచకా ఎక్కుతోంది. నన్ను చూసి గభాలున మోకాలు పట్టుకుంది.

"ఇగ చాలు తియ్యి ఆపా!" ఏడుపు తన్నుకొచ్చింది. "నేనే గెలుచుకున్న అనుకున్న. గదిగూడ నువ్వే ఇయ్యాల్నా?"

ఆపా నవ్వింది. "గెలుసుడేంది పిచ్చిదానా! కూసో, చాయ్ పెడ్త. చక్కెర దండిగ ఏస్త."

నా చాయ్ సంగతి కూడా ఆమెకు తెలుసు. ఆ క్షణంలో ఆమె మీద కుళ్ళు రెట్టింపయింది.

ఆపా పోయి చాన్నాళ్ళయింది. ఇప్పుడు దుకాణం నాది. అంచులో రెండు వేళ్ళ మడత ఒక్క ఏడు కూడా తప్పలేదు. మా దగ్గర కుట్టే స్వరూప చేయి నాకన్నా సన్నం. ఈ పొద్దున నేను ఆ గుడ్డ తాను విప్పుతుంటే అడిగింది. "అక్కా, నీ మోకాళ్ళు నొస్తున్నయి గదా. ఈసారి పాలమూరు నేను పోయొస్త."

నొప్పి నిజమే. నాలుగు మెట్లెక్కితే చాలు, ఏడుపొస్తుంది.

"నొప్పి లేదు గిప్పి లేదు. నేనే పోత" అన్నాను.

స్వరూప తల వంచుకుని కాజాలు కుట్టుకుంటూ కూర్చుంది.