జలుబు రాని మనిషి

యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో ఆమెను అందరూ కటింగక్క అంటారు. పొరలు పొరలుగా పరిచిన గుడ్డ మీద సుద్దగీత గీసి, కటింగ్ మిషను పట్టుకుని దిగిందంటే కాలర్లు, చేతులు అచ్చుగుద్దినట్టు వచ్చి పడతాయి. బల్ల దగ్గర ఎవరైనా పిచ్చాపాటీ మొదలెడితే ఒక్క చూపు చూస్తుంది. అంతే, నోళ్ళు మూతపడతాయి. కోపిష్టిదని పేరు. తమ్ముడి కిడ్నీలు రెండూ చెడిపోయాయని తెలిసిన రోజున, ఎవర్నీ ఒక్క మాట అడక్కుండా తనది ఒకటి ఇచ్చేసింది కూడా ఆ కోపిష్టి మనిషే. కుట్లు మానగానే మళ్ళీ వచ్చి బల్ల దగ్గర నిలబడింది.

గుడ్డలు కొయ్యడం ఆమె పనైతే, కోతలు కొయ్యడం ఆమె మొగుడి పని. ఉద్యోగం మాత్రం డ్రైవింగ్ స్కూల్లో. ఒకప్పుడు మబ్బు పడితే చాలు, ఆయనకు తుమ్ములు. రోజూ కాస్త నడవమని ఈవిడే పోరుపెట్టి ఇంట్లోంచి తరిమేది. నడక పరుగైంది, ఒళ్ళు తేలికపడింది, జలుబులు తగ్గాయి. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! మారథాన్లంటూ ఊళ్ళు పట్టుకు తిరిగాడు, మెడలో పతకాలతో ఫొటోలు దిగాడు. "పరిగెత్తేవాడి జోలికి రోగం రాదండీ, నాకు జలుబన్నదే లేదు," అని కనబడ్డవాళ్ళందర్నీ ఆపి మరీ చెప్పేవాడు. మరి ముక్కు కారితే? అది చలిగాలట. గొంతు బొంగురుపోతే? దుమ్మట.

తమ్ముడి ఇల్లు పక్కవీధిలోనే. అక్క ఇచ్చిన కిడ్నీని ఒళ్ళు పరాయిదని తిప్పికొట్టకుండా ఉండాలంటే, రోగాలతో పోరాడే శక్తినే అణిచిపెట్టే మందులు తమ్ముడు రోజూ మింగాలి. అందుకే ఆ ఇంటి గుమ్మం దగ్గర చేతులు కడుక్కోవడానికి సబ్బు, పక్కనే మాస్కుల డబ్బా ఉంటాయి. గొంతు కాస్త గరగరలాడినా చాలు, కటింగక్క వీధిలోంచే పలకరించి వెనక్కి వచ్చేస్తుంది. ఇదంతా మొగుడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఆయన తలూపాడు. తలూపడానికేం, ఖర్చా?

ఆ ఆదివారం పొద్దున్నే ఆయన ఒళ్ళు వెచ్చగా ఉంది. చెమట పడితే అదే పోతుందని మారథాన్‌కి వెళ్ళాడు. తిరిగొస్తూ, తడిసిన బట్టలతోనే, పతకం చూపించడానికి బావమరిది ఇంటికి వెళ్ళాడు. మాస్కు లేదు, సబ్బు లేదు. మంచం మీద పక్కనే కూర్చుని, భుజం మీద చెయ్యి వేసి, పరుగు కథంతా దగ్గుతూ చెప్పాడు.

వారం తిరక్కుండా తమ్ముడు ఆస్పత్రిలో పడ్డాడు. న్యుమోనియా.

డాక్టరమ్మ వరండాలోకి వచ్చి, "ఈ మధ్య ఇంటికి జలుబుతో ఎవరైనా వచ్చారా?" అని అడిగింది. కటింగక్క తల తిప్పి మొగుణ్ణి చూసింది.

"జలుబు కాదండీ, పరిగెత్తొచ్చాక కాస్త దగ్గు," అని నసిగాడు ఆయన. "నాకు రోజూ వ్యాయామం కదండీ, ఇమ్యూనిటీ బాగా..."

"వ్యాయామం మంచిదేనండీ. రోజూ మితంగా చేస్తే జలుబులు తగ్గొచ్చు కూడా. అలాగని అసలు రావని కాదు. పైగా జ్వరంతో అంతదూరం పరిగెత్తితే మీ గుండెకే ప్రమాదం. అయినా ఇది ఎవరి నుంచి వచ్చిందో ఖాయంగా చెప్పలేం." ఆమె కటింగక్క వైపు తిరిగింది. "ఇన్‌ఫెక్షన్ తగ్గాలని, కిడ్నీ కోసం రోజూ వేసుకునే మందులు తగ్గించాం. ఇప్పుడు కిడ్నీ నిలుస్తుందో లేదో చూడాలి."

డాక్టరమ్మ వెళ్ళీ వెళ్ళగానే, "విన్నావా, ఖాయంగా చెప్పలేరట!" అన్నాడు మహానుభావుడు.

అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు. "నోరుముయ్! నా ఒంట్లోంచి కోసిచ్చాను వాడికి. ఇది పోతే ఇంకోటి ఇవ్వడానికి నా దగ్గర లేదు. తెలుస్తోందా నీకు?"

"నాది ఇస్తానే! నా అంత ఆరోగ్యం ఎవరికుంది?"

"ముందు ఆ ముక్కు తుడుచుకో," అని, మాస్కు బిగించుకుని లోపలికి వెళ్ళింది.

తమ్ముడు ఆక్సిజన్ మాస్కు కాస్త పక్కకి జరిపాడు. "బావని తిట్టకే అక్కా. నన్ను రోగిష్టివాడిలా చూడనిది బావ ఒక్కడే."

ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి ఆమెకు. వాడన్నది నిజమే. తామంతా గుమ్మంలో ఆగి పలకరిస్తుంటే, ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చునేవాడు. మాస్కు పెట్టుకో బావా అని వీడూ ఏనాడూ అనలేదు.

"అందుకేరా ఇక్కడ పడున్నావు!" అని అరిచింది. నర్సు తిరిగి చూసింది.

తలుపు అద్దం అవతల నుంచి ఆయన చెయ్యి ఊపుతున్నాడు. తమ్ముడు నవ్వి, తన చెయ్యి ఎత్తబోయాడు. కటింగక్క ఆ చేతిని పట్టుకుని, దుప్పటి కిందికి తోసి, వెళ్ళి తెర లాగేసింది.