ఇరవై దినాలు అడిగాను

మక్తల్ బడిలో వ్యాయామం నేర్పేవాణ్ణి. ఒక అమ్మాయి వెల్లకిలా పడుకుని పాదాలెత్తితే, ఆమె స్నేహితురాలు వాటిమీద బోర్లా తేలుతూ చేతులు చాపేది. పోటీ ఎనిమిది రోజులుందనగా, పైన తేలే పిల్లను పుణె పనికి తీసుకుపోతానని తల్లి వచ్చింది.

దుకాణాల్లో పెరిగినవాణ్ణి కదా, ఎనిమిది కావాలంటే ఇరవై దగ్గర మొదలుపెట్టాలని నా తెలివి.

"ఇరవై దినాలు ఉంచమ్మా."

"గన్ని దినాలు కూలోళ్లను తోల్కపోయే మేస్త్రి ఆగడు సార్," అని ఆమె పిల్లతో వెళ్లిపోయింది. వెంటనే తగ్గితే అలుసవుతానని, బేరానికి వెనక్కి వస్తుందని ఊరుకున్నాను.

మర్నాడు కింద పడుకునే పిల్ల పాదాలెత్తి అడిగింది:

"ఎనిమిది దినాలైతే ఆగుతుంటిమని బస్సెక్కేటప్పుడు వాళ్లమ్మ అన్నది. మీరెందుకు సార్ గన్ని అడిగిన్రు?"

ఇంకో పిల్లను ఎక్కించబోతే పాదాలు దించేసుకుంది.